ఓరుగల్లు ఇచ్చిన సముద్ర న్యాయం

వరంగల్‌లో లా చదివే విద్యార్థికి అంతర్జాతీయ న్యాయం పరాయి దేశాల చరిత్రగానే పరిచయమవుతుంది. 1609లో హ్యూగో గ్రోషియస్ సముద్ర స్వేచ్ఛ మీద రాసిన పుస్తకం, 1648 నాటి వెస్ట్‌ఫేలియా ఒప్పందాలు, 1899లో హేగ్‌లో జరిగిన శాంతి సభ, 1945లో పుట్టిన ఐక్యరాజ్యసమితి. పాఠ్యపుస్తకాలు దాదాపు అన్నీ ఈ వరసలోనే నడుస్తాయి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాల ప్రకారం పబ్లిక్ ఇంటర్నేషనల్ లా తప్పనిసరి పేపరు. కాబట్టి హన్మకొండ సుబేదారిలోని కాకతీయ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల విద్యార్థులైనా, మరో ఊరి విద్యార్థులైనా ఆ దారిన నడవాల్సిందే. ఆ వరసలో ఉన్నదంతా చదవవలసిందే, అయితే అందులో లేనిది ఒకటుంది. ఏ వంశం పేరును ఆ విశ్వవిద్యాలయం పెట్టుకుందో ఆ వంశపు రాజు, గ్రోషియస్ కంటే మూడున్నర శతాబ్దాలకు పైగా ముందు, పరదేశి వర్తకులకు అభయమిస్తూ రాతి మీద శాసనం చెక్కించాడు. దాన్ని చరిత్ర పుస్తకాలు గణపతిదేవ చక్రవర్తి దయాగుణానికి నిదర్శనంగా చెబుతాయి. పోటీ పరీక్షల గైడ్లు ఒక్క మార్కు ప్రశ్నగా అడిగి వదిలేస్తాయి. న్యాయశాస్త్రం మాత్రం దాన్ని తన సొత్తుగా ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. మోటుపల్లి అభయశాసనమని పిలిచే ఆ రాత అన్నిటికంటే ముందు ఒక న్యాయపత్రం. అంతర్జాతీయ న్యాయమైనా, తులనాత్మక న్యాయమైనా, వరంగల్‌లో చదువు దానితో మొదలైతేనే ఆ చదువుకు వేరు దొరుకుతుంది. ఈ వ్యాసం చెప్పదలచినది అదే.

సముద్రానికి 250 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఓరుగల్లుకు సముద్ర న్యాయం అవసరం ఎందుకు పడిందన్నది మొదట తేల్చుకోవాలి. గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కి 1262 దాకా పాలించాడు. పాలన తొలి ఏళ్లలోనే వెలనాటి మీదికీ దివిసీమ మీదికీ సేనలను నడిపి తీరాంధ్రాన్ని తన ఏలుబడిలోకి తెచ్చుకున్నాడు. దివిసీమ నాయకుల ఇంటి ఆడపడుచులు నారమాంబ, పేరమాంబలను పెళ్లాడి, వాళ్ల అన్నదమ్ముడైన జాయపను తన సేనానిగా చేసుకున్నాడు. నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని ఆయనే. ఈ విజయాలతో మెట్టసీమ రాజ్యానికి రేవులు దక్కాయి. వాటిలో ముఖ్యమైనది ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉన్న మోటుపల్లి. రాజ్యానికి ఏనుగులూ గుర్రాలూ కావాలి. లోపలి సీమల్లో నేసిన సన్నని బట్టకూ, కృష్ణా పరీవాహకంలో దొరికే వజ్రాలకూ బయటి అంగళ్లు కావాలి. ఈ రాకపోకలన్నీ ఓడల మీదే జరగాలి. బంగాళాఖాతంలోనేమో తుపాను ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. దారి తప్పిన ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సొమ్ము ఎవరిది అన్న ప్రశ్న ఆ రేవులో రాజుకూ వర్తకుడికీ నడుమ తప్పకుండా తలెత్తేది. ఆ ప్రశ్నకు జవాబే ఈ శాసనం.

శక సంవత్సరం 1166, క్రోధి నామ సంవత్సరం, అంటే క్రీస్తుశకం 1244-45లో మోటుపల్లిలో నిలిపిన ఈ స్తంభశాసనాన్ని జర్మన్ పండితుడు హుల్ట్ష్ ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో ప్రకటించాడు. రాజవంశ వర్ణన తరవాత అసలు విషయం మొదలవుతుంది. అన్ని ఖండాలకూ, ద్వీపాలకూ, దేశాలకూ, పట్టణాలకూ పోతూ వస్తూ ఉండే సముద్ర వర్తకులకు ఈ అభయం ఇస్తున్నామని రాజు ప్రకటించాడు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరిన ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డున పడితే వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకంతా మునుపటి రాజులు బలవంతంగా తీసుకునేవారని చెప్పాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్ర ప్రయాణపు గండానికి తెగించి వచ్చిన వాళ్ల మీద దయతోనూ, కీర్తి కోసం, ధర్మం కోసం తాము నిర్ణీత సుంకం తప్ప మిగిలిందంతా వాళ్లకే విడిచిపెడుతున్నామన్నాడు. ఎగుమతి మీదా దిగుమతి మీదా ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఆ వెంటనే సరుకుల పట్టీ వస్తుంది. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పట్టుబట్టలు, పోకలు వరసగా ఉంటాయి. దేనిమీద ఎంత కట్టాలో విడివిడిగా రాసి ఉంటుంది. పోకల్లాంటి సరుకుకు లక్ష కాయలకు ఇంత అని లెక్క కూడా కట్టారు. రేవు అధికారి తన ఇష్టం వచ్చినట్టు గుంజుకునే వీలు లేకుండా, వచ్చిన వర్తకుడు తానే నిలబడి చదివించుకోగలిగేటట్టు రాతి మీద రాయించిన పట్టీ ఇది.

ఈ మాటల్లో న్యాయమెంత, రాచమర్యాద ఎంత అని విడదీసి చూడాలి. న్యాయం అనిపించుకోవాలంటే ఒక నియమానికి కొన్ని లక్షణాలుండాలి. ఎవరికి వర్తిస్తుందో తెలియాలి, ఏ పరిస్థితిలో వర్తిస్తుందో తెలియాలి, దానివల్ల ఎవరికి ఏ హక్కు, ఎవరికి ఏ బాధ్యత వస్తాయో తెలియాలి, అది అందరికీ ప్రకటితమై ఉండాలి. మోటుపల్లి శాసనంలో ఈ నాలుగూ ఉన్నాయి. హక్కుదారులు సముద్ర వర్తకులు. వాళ్లు ఏ దేశం వాళ్లు, ఏ మతం వాళ్లు అన్న ఎంపిక లేదు. సందర్భం ఓడ పగలడం, సరుకు ఒడ్డుకు చేరడం. హక్కు సొత్తు తిరిగి పొందడం. బాధ్యత సుంకం కట్టడం. రాజు తనకు తాను విధించుకున్న హద్దు కూడా అందులోనే ఉంది. సుంకానికి మించి ముట్టుకోనన్నాడు. పైగా మునుపటి ఆచారం ఏమిటో చెప్పి, దాన్ని రద్దు చేస్తున్నానని స్పష్టంగా చెప్పాడు. పాత నియమాన్ని పేర్కొని కొత్తదాన్ని దాని స్థానంలో నిలపడం శాసనకర్త పని. దానకర్తకు ఆ అవసరం ఉండదు. అగ్రహారమో దేవాలయ మాన్యమో ఇచ్చే శాసనంతో దీన్ని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ ఒక వ్యక్తికో గుడికో ఒక ఆస్తి చెందుతుంది. ఇక్కడ ఇంకా రాని ఓడకూ, ఇంకా పుట్టని వివాదానికీ ముందే తీర్పు రాసి ఉంది.

పగిలిన ఓడ సొమ్ము తీరాన్ని ఏలేవాడిదే అన్న ఆచారం మన తీరానికే పరిమితమైనదేమీ కాదు. 13వ శతాబ్దం చివరి నాటి మార్కో పోలో గ్రంథం మోటుపల్లిని ముత్ఫిలి అని పిలిచి, అక్కడి వజ్రాలనూ సన్నని బట్టలనూ, న్యాయంగా ఏలిన రాణినీ మెచ్చుకుంది. ఆ రాణి రుద్రమదేవి. గణపతిదేవుడి కూతురైన ఆమెను ఆ గ్రంథం భార్యగా పొరబడింది. అదే గ్రంథం మలబారు తీరంలోని ఏలి రాజ్యం గురించి వేరే సంగతి చెబుతుంది. మరో రేవుకు పోవలసిన ఓడ అనుకోకుండా తమ రేవులోకి వస్తే, దేవుడే మాకు పంపాడంటూ అక్కడివాళ్లు సరుకంతా పట్టుకునేవారట. 14వ శతాబ్దంలో వచ్చిన ఇబ్న్ బతూతా కూడా మలబారులో పగిలిన ఓడల సొమ్ము ఖజానాకే పోతుందనీ, కాలికట్‌లో మాత్రం సొంతదారులకే దక్కుతుందనీ, ఆ ఊరు వృద్ధిలోకి రావడానికి అదే కారణమనీ రాశాడు. యూరప్‌లోనూ ఇదే కథ. తీరప్రాంతపు ప్రభువులు ఓడ శకలాలను తమ హక్కుగా పట్టుకునేవారు. 1179లో మూడో లాటెరన్ మహాసభ, ఓడ పగిలిన క్రైస్తవులను దోచేవాళ్లకు మతబహిష్కారం విధించింది. 1220లో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి ఆ దోపిడీని నిషేధించాడు. 1236లో ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ ఒక చార్టర్ ఇచ్చాడు. ఓడలోని జీవి ఏదైనా ప్రాణాలతో బయటపడితే సొంతదారుడు మూడు నెలల్లోగా వచ్చి సరుకు అడగవచ్చన్నాడు. 1275 నాటి మొదటి వెస్ట్‌మినిస్టర్ శాసనం ఆ గడువును ఏడాది మీద ఒక రోజుకు పెంచింది. మనిషో, కుక్కో, పిల్లో బతికి బయటపడాలన్న షరతు మాత్రం ఉంచింది.

ఈ యూరప్ నియమాలూ మోటుపల్లి నియమమూ దాదాపు వందేళ్ల వ్యవధిలో వేర్వేరుగా పుట్టాయి. తులనాత్మక న్యాయం చదివేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఇంగ్లండ్ నియమంలో విధానం గట్టిది. సరుకును షెరీఫ్ భద్రపరచాలి, గడువు లోపల సొంతదారుడు రుజువు చూపాలి, చూపితే తీసుకుపోవచ్చు. మోటుపల్లి శాసనంలో అలాంటి విధానం కనబడదు. ఎవరు విచారించాలి, ఎంతకాలం ఆగాలి, సొంతదారు చనిపోతే వారసులు ఏం చేయాలి అన్నవాటికి రాతిలో జవాబు లేదు. ఇది నిజమైన లోటు, దాన్ని దాచిపెట్టి పొగడటం చరిత్రకు మేలు చేయదు. కానీ సూత్రం దగ్గరికి వస్తే మోటుపల్లి ముందుంది. ఓడలో ఏ ప్రాణీ మిగలకపోయినా సరుకు సొంతదారుడిదే. ఇంగ్లండ్‌లో ఆ కుక్కా పిల్లీ షరతును దాటడానికి 1771 దాకా పట్టింది. సరుకు తనదని సొంతదారుడు గుర్తుపట్టి రుజువు చేయగలిగితే చాలు, జీవి బతికిందా లేదా అన్నది అసలు విషయం కాదని ఆ ఏడాది హామిల్టన్ వర్సెస్ డేవిస్ కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తేల్చాడు. లాటెరన్ నియమం రక్షణను క్రైస్తవులకే ఇచ్చింది. మోటుపల్లి రక్షణకు అలాంటి గిరి లేదు. వర్తకుల రాకపోకల విషయంలోనూ పోలిక ఉంది. 1215 నాటి మాగ్నా కార్టా 41వ అధ్యాయం, వర్తకులు అన్యాయపు పన్నులు లేకుండా, పాత న్యాయమైన ఆచారాల ప్రకారం ఇంగ్లండ్‌లోకి నిర్భయంగా రావచ్చు, పోవచ్చు అంది. ఆ పాత ఆచారపు సుంకం ఎంతో అందులో అంకె లేదు. 30 ఏళ్ల తరవాత మోటుపల్లి రాయి ఆ అంకె కూడా చెప్పింది. మాగ్నా కార్టాను మన లా విద్యార్థులందరూ చదువుతారు. మోటుపల్లిని దానితో కలిపి చదివితే ఆ రెండూ ఇంకా బాగా అర్థమవుతాయి.

ఇక అభ్యంతరాలు. మొదటిది, ఇది ఒక రాజు తనంతట తాను చేసిన వాగ్దానమే తప్ప రెండు రాజ్యాల ఒప్పందం కాదు కాబట్టి అంతర్జాతీయ న్యాయం ఎలా అవుతుందన్నది. ఈ అభ్యంతరానికి ఇరవయ్యో శతాబ్దపు అంతర్జాతీయ న్యాయస్థానమే జవాబిచ్చింది. పసిఫిక్‌లో ఫ్రాన్స్ జరిపిన అణుపరీక్షల మీద ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వేసిన కేసుల్లో 1974 డిసెంబరు 20న తీర్పిస్తూ, కట్టుబడే ఉద్దేశంతో ఒక రాజ్యం బహిరంగంగా చేసిన ఏకపక్ష ప్రకటన కూడా ఆ రాజ్యానికి న్యాయబాధ్యత తెచ్చిపెడుతుందనీ, దానికి అవతలివాళ్ల అంగీకారం అక్కర్లేదనీ హేగ్ న్యాయమూర్తులు చెప్పారు. ఇక ముందు గాలిలో పరీక్షలు చేయబోమని ఫ్రాన్స్ అధ్యక్షుడూ మంత్రులూ పత్రికల ముందు అన్న మాటలే అక్కడ బాధ్యతకు ఆధారమయ్యాయి. పత్రికా సమావేశంలో అన్న మాటకే అంత బరువుంటే, రేవులో నిలిపిన స్తంభం మీద సుంకం పట్టీతో సహా చెక్కించిన మాటకు అంతకంటే తక్కువ బరువుండదు. కట్టుబడే ఉద్దేశం, బహిరంగ ప్రకటన రెండూ ఇక్కడ ఉన్నాయి. పైగా ఆ మాట రాజవంశంతో పాటు చచ్చిపోలేదు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. తరవాత 35 ఏళ్లకు, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయం ప్రకటించాడు. వచ్చి స్థిరపడే వర్తకులను ఆదరిస్తామన్నాడు. కొడుకులు లేకుండా పోయినవాళ్ల ఆస్తిని రాజు తీసుకునే అపుత్రిక ఆచారాన్ని వాళ్లకు వర్తింపజేయబోమన్నాడు. కాకతీయ శాసనం ముట్టుకోని వారసత్వపు ప్రశ్నను రెడ్డిరాజుల శాసనం అందుకుంది. ఒక వంశం మొదలుపెట్టిన నియమాన్ని ఇంకో వంశం నిలబెట్టి పెంచిందంటే, వర్తకుల దృష్టిలో అది ఆ రేవు న్యాయంగా స్థిరపడిందనే అర్థం.

రెండో అభ్యంతరం, ఇదంతా రాజు ఖజానా కోసం చేసిన పని, దీనికి న్యాయమన్న పేరెందుకు అని. స్వలాభం ఉందన్నది నిజమే, శాసనంలో సుంకం పట్టీయే దానికి సాక్ష్యం. ఒక్క ఓడను దోచుకుంటే ఒక్కసారి దక్కేదాని కంటే, వంద ఓడలు నమ్మకంతో వస్తే ముప్పయ్యో వంతు చొప్పున ఏటేటా దక్కేది ఎక్కువ. గణపతిదేవుడి కొలువు ఆ లెక్క వేసుకునే ఉంటుంది. కానీ స్వలాభం కలిసినంత మాత్రాన న్యాయం న్యాయం కాకుండా పోతే ప్రపంచంలో అంతర్జాతీయ న్యాయమే మిగలదు. రాయబారులకు రక్షణ ఇవ్వడం, యుద్ధఖైదీలను చంపకపోవడం, సముద్రాలను అందరికీ తెరచి ఉంచడం, వీటన్నిటి వెనకా రేపు నా వంతు వస్తుందన్న ఆలోచన ఉంది. గ్రోషియస్ పుస్తకం కూడా 1603లో డచ్చివాళ్లు పట్టుకున్న పోర్చుగీసు ఓడ శాంటా కాటరీనా వివాదంలోంచి, డచ్చి వర్తక కంపెనీ అవసరంలోంచి పుట్టిందే. దాన్ని అంతర్జాతీయ న్యాయానికి మూలగ్రంథంగా చదువుతున్నప్పుడు మోటుపల్లికి వేరే కొలత పెట్టడం సబబు కాదు. ఓరుగల్లు కోటకు ఆనుకుని ఉన్న మట్టెవాడ అంగడి సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఖాన్ సాహెబ్ తోటలో దొరికిన శాసనం ఆ అంగడిలో అమ్ముడయ్యే సరుకులనూ వాటి మీద సుంకాలనూ వరసగా చెబుతుంది. ఉభయ నానాదేశి పెక్కండ్రు లాంటి వర్తక సంఘాలు ఆ రోజుల్లో తమ కట్టుబాట్లను తామే రాసుకుని నడిపేవి. రాజధానిలో సుంకాన్ని రాసి పెట్టే అలవాటు ఉన్న సమాజం కాబట్టే రేవులోనూ అది సాధ్యమైంది. రాజూ బేహారులూ కలిసి నడిపిన వ్యవస్థ కొనసాగింపు అది.

మూడో అభ్యంతరం శాస్త్రం తెలిసినవాళ్ల నుంచి వస్తుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నావధ్యక్షుడి అధ్యాయం ఉంది కదా, గాలికి దెబ్బతిన్న ఓడను తండ్రిలా ఆదుకోవాలనీ, నీటికి తడిసి పాడైన సరుకు మీద సుంకం వదిలేయాలి లేదా సగమే తీసుకోవాలనీ అక్కడ ఎప్పుడో చెప్పారు కదా, మోటుపల్లిలో కొత్తేముంది అని. కొత్తదనం శాసనం తన నోటితోనే చెబుతోంది. మునుపటి రాజులు పట్టుకునేవారు అంటోంది. అంటే గ్రంథంలో ధర్మం ఒకటి, రేవులో ఆచారం ఇంకొకటి. గ్రంథంలోని మాట వర్తకుడికి అక్కరకు రావాలంటే ఆ తీరాన్ని ఏలేవాడు దానికి కట్టుబడి, ఆ సంగతి రేవులో అందరికీ తెలిసేలా చెప్పాలి. ఆ పని 1244-45లో జరిగింది. ఇవాళ ఐక్యరాజ్యసమితి ఒడంబడికల మీద సంతకం చేసి, వాటికి తగిన చట్టాలు తమ దేశంలో తేకుండా ఉండిపోయే రాజ్యాలు ఎన్నో ఉన్నాయి. ఆదర్శానికీ అమలుకూ మధ్య ఉన్న ఈ దూరమే అంతర్జాతీయ న్యాయంలో అతి పెద్ద సమస్య. దాన్ని విద్యార్థికి చెప్పడానికి అర్థశాస్త్రాన్నీ మోటుపల్లి శాసనాన్నీ కలిపి చదివించడం కంటే మంచి దారి లేదు.

చివరి అభ్యంతరాన్ని కొంతవరకు ఒప్పుకోవాలి. సార్వభౌమ రాజ్యాలు, వాటి సమానత్వం, ఒడంబడికల వ్యవస్థ అన్నవి ఆధునిక భావనలు. 13వ శతాబ్దానికి వాటిని అంటగట్టి, ప్రపంచంలో మొదటి అంతర్జాతీయ న్యాయం మనదే అని చెప్పుకోవడం తప్పు. పైన చెప్పిన 1179, 1220, 1236 తేదీలే ఆ గొప్పను నిలవనివ్వవు. అయితే ఆధునిక భావనలు లేవు కాబట్టి రాజ్యాల మధ్య న్యాయమే లేదనడం కూడా అంతే తప్పు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయ విభాగాన్ని నిలబెట్టిన చార్లెస్ అలెగ్జాండ్రోవిచ్ 1967లో తూర్పు దేశాల్లో రాజ్యాల న్యాయ చరిత్ర మీద ఒక పుస్తకం రాశాడు. యూరప్ కంపెనీలు ఆసియా రాజులతో ఒప్పందాలు చేసుకున్నప్పుడు వాళ్లను న్యాయం ఎరిగిన సమానులుగానే చూశాయనీ, 19వ శతాబ్దంలో యూరప్ ఆ సంగతిని మరచిపోయి ఆసియాను న్యాయానికి వెలుపల ఉంచిందనీ ఆయన వాదించాడు. ఆ మరుపే ఇప్పటి మన పాఠ్యపుస్తకాల వరసలోనూ మిగిలిపోయింది. మోటుపల్లిని పాఠంలోకి తేవడం వల్ల గ్రోషియస్ స్థాయి తగ్గదు. ఆయనకు ముందూ ఆయన ఖండానికి బయటా మనుషులు ఇదే సమస్యతో తలపడి తమ జవాబులు రాసుకున్నారని విద్యార్థికి తెలుస్తుంది.

తులనాత్మక న్యాయానికీ మోటుపల్లి శాసనపు శతాబ్దంలోనే తెలుగు ఆధారం ఉంది. కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లో విజ్ఞానేశ్వరమనే పేరుతో సంక్షేపించాడు. తన దశకుమారచరిత్రాన్ని తిక్కనకు అంకితమిచ్చిన కేతన ఈయనే. నెల్లూరు మనుమసిద్ధి పక్షాన సాయం కోరి గణపతిదేవుడి కొలువుకు వెళ్లాడని సిద్ధేశ్వర చరిత్ర చెప్పే రాయబారీ ఆ తిక్కనే. పొరుగు దేశపు సంస్కృత న్యాయగ్రంథం తెలుగువాళ్ల చేతికి తెలుగులో అందడమంటే, ఒక న్యాయసంప్రదాయం ఒక నేల నుంచి ఇంకో నేలకు వలస రావడమే. 1810లో కోల్‌బ్రూక్ మితాక్షరలోని వారసత్వపు భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాక బ్రిటిష్ కోర్టులు దాన్ని హిందూ న్యాయానికి ప్రమాణం చేసుకున్నాయి. ఆ తేదీకి ఐదు శతాబ్దాలకు పైగా ముందే మనకు తెలుగు పాఠం ఉంది. కేతన దేన్ని ఉంచాడు, దేన్ని వదిలాడు, కోల్‌బ్రూక్ ఏం చేశాడు అని పోల్చి చూడటం లా విద్యార్థి, తెలుగు విద్యార్థి కలిసి చేయదగ్గ పరిశోధన.

ఈ పాత సంగతులు ఇవాళ్టి వకీలుకు ఏం పనికొస్తాయని అడిగేవాళ్లుంటారు. పగిలిన ఓడ సొత్తు సొంతదారుడిదే అన్న సూత్రం 1958 నాటి మన మర్చంట్ షిప్పింగ్ చట్టంలోనూ ఉండేది. ఏడాదిలోగా రుజువు చూపి, ఖర్చులు కట్టి సొంతదారుడు తన సొత్తు తీసుకుపోవచ్చని ఆ చట్టం చెప్పింది. సముద్ర న్యాయం మీద 1982 ఒడంబడిక కింద హాంబర్గ్‌లో ఏర్పడిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో 1996 నుంచి 2017 దాకా న్యాయమూర్తిగా, 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడిగా ఉన్న పాటిబండ్ల చంద్రశేఖరరావు తెలుగువాడు. మెట్టసీమ కూడా అంతర్జాతీయ వ్యాజ్యాలకు దూరంగా ఏమీ లేదు. వరంగల్ అప్పుడు భాగంగా ఉన్న హైదరాబాద్ రాజ్యపు ప్రశ్న 1948లో భద్రతా మండలి ముందుకు వెళ్లింది. ఆ సెప్టెంబరు 20న లండన్ బ్యాంకులో చేతులు మారిన నిజాం సొమ్ము పదిలక్షల పౌండ్లు, పెరిగి పెరిగి మూడున్నర కోట్లయి, 2019 అక్టోబరు 2న ఇంగ్లండ్ హైకోర్టు తీర్పుతో ఎవరిదో తేలింది. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంటకు అమెరికాలోని మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు, విదేశాల్లో పిల్లలున్న వేల తెలుగు కుటుంబాలకు ఇవాళ్టికీ ఆధారం. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది 1972 నాటి అంతర్జాతీయ ఒడంబడిక కిందనే. దాన్ని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు.

కాబట్టి చేయవలసింది కష్టమైనదేమీ కాదు. వరంగల్ న్యాయ కళాశాలలు ఇంటర్నేషనల్ లా తొలి పాఠంగా మోటుపల్లి శాసనపు పూర్తి పాఠాన్ని, మంచి తెలుగు అనువాదంతో విద్యార్థుల చేతికి ఇవ్వాలి. దాన్ని మాగ్నా కార్టా, వెస్ట్‌మినిస్టర్ శాసనాల పక్కన పెట్టి పోల్చి రాయమనాలి. పగిలిన ఓడ, సుంకం, పరదేశి వర్తకుడు అన్న అంశాల మీద మూట్ కోర్టు పోటీ పెట్టాలి. ఒక పక్షం 1244-45 రాతిని, ఇంకో పక్షం 1275 శాసనాన్ని ఆధారం చేసుకుని వాదించాలి. శాసనాలు చదవగల చరిత్ర అధ్యాపకులు, న్యాయం చెప్పగల లా అధ్యాపకులు ఒకే విశ్వవిద్యాలయంలో ఉన్నారు. వాళ్లు ఒకే తరగతి గదిలో కలిసి కూర్చోవాలి, ఈ ఏడాదే మొదలుపెట్టాలి.